గోడ ముఖం

మా సంఘంలో జబ్బు నయమైనవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్తారు. మైకు చేతికిస్తారు, చివర్లో అందరూ చప్పట్లు కొడతారు. నాకు మైకు ఇవ్వబోతే వద్దని తల ఊపాను. నా జబ్బు కథలో చప్పట్లు ఎక్కడ కొట్టాలో నాకింకా తెలియదు. అది వచ్చిన దారి మాత్రం తెలుసు. ప్రత్యేక అవసరాల పిల్లల బడుల్లో నాలాగా పనిచేసే ఆయమ్మలు, సహాయకులు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరికైనా పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉంటే, ఇంట్లో బిడ్డ ఏడుస్తున్నా ఏమీ అనిపించకపోతే, వాళ్ళు చదువుతారని రాస్తున్నాను. రాస్తుంటే నాకూ కొంచెం నెమ్మదిగా ఉంటోంది.

జూన్

నా పేరు సుజాత. బోరబండలో లోకల్ రైలెక్కి హఫీజ్‌పేటలో దిగి, షేర్ ఆటోలో మదీనాగూడ వెళ్తాను. ముంబై రోడ్డు నుంచి లోపలికి, ఒక పెద్ద ఇంటిని కిరాయికి తీసుకుని నడిపే కేంద్రం మాది. పిల్లల తల్లిదండ్రులు ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నేను టీచర్ని కాను. ఒక పిల్లవాడి పక్కన రోజంతా ఉండి, తినిపించి, బాత్రూంకి తీసుకెళ్ళి, టీచరు చెప్పిన పని వాడితో చేయించే మనిషిని.

ఆ యేడు నాకప్పగించిన పిల్లవాడు అర్ణవ్. పదేళ్ళవాడు, మాటలు రాలేదు. స్టీలు పళ్ళెం నేల మీద గిర్రున తిప్పి, అది ఆగేదాకా చెవి ఆనించి వింటాడు. మనుషుల్ని మణికట్టు వాసన చూసి గుర్తుపడతాడు. వాడంటే నాకు ప్రాణం. ఇదంతా జరిగాక కూడా ఆ మాటలో తేడా లేదు.

మా కేంద్రం పక్కన ఎత్తయిన అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. పునాదుల కోసం బండ పేల్చేముందు సైరన్ మోగుతుంది. అది వినబడితే చాలు, అర్ణవ్ దగ్గర్లో ఎవరి చెయ్యి ఉంటే ఆ చెయ్యి కొరికేవాడు. వాడిలో కోపం ఉండేది కాదు. నీళ్ళలో పడ్డవాడు అందినదాన్ని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

కొరికితే ఏం చేయాలో మాకు నేర్పుతారు. చెయ్యి వెనక్కి లాగకూడదు, లాగితే కండ చీలుతుంది. చేతినే ఇంకొంచెం వాడి నోటివైపు నొక్కితే పట్టు సడలుతుంది. అరవకూడదు. ముఖం కదలకూడదు. మన ముఖంలో మార్పు కనబడితే అదే పిల్లవాడికి బహుమానమై, ఇంకోసారి కొరికిస్తుందట. కేంద్రం నడిపే మా మేడమ్ గుంటూరు వైపు ఆమె, నెమ్మదిగా చెప్పేది. "మీ ముఖం గోడలా ఉండాలండీ. గోడను కొడితే ఏమొస్తుంది? ఏమీ రాదు. అప్పుడు కొట్టడమే మానేస్తారు."

మా ఆయమ్మ యాదమ్మకు మాత్రం ఈ పాఠం ఎక్కలేదు. "అబ్బా! సంపినవు గదరా! కోడి కాలనుకున్నవా నాది?" అని బిల్డింగంతా వినబడేలా అరిచేది.

"యాదమ్మగారూ, మీరు రియాక్షన్ ఇస్తున్నారండీ" అనేది మేడమ్.

"నేనేడ ఇచ్చిన మేడమ్? వాడే గుంజుకున్నడు!"

అందరం నవ్వేవాళ్ళం. అప్పుడు నేనూ నవ్వేదాన్ని.

గోడ ముఖం నాకు తొందరగానే వచ్చేసింది. కొత్తగా చేరిన అమ్మాయిల్ని మేడమ్ మా గదికి పంపేది. "ఆ పిల్లవాడిని కాదు, సుజాతగారి ముఖాన్ని చూడండి" అనేది. వాళ్ళు తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను సండే స్కూల్లో పెరిగిన మనిషిని. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్న బోధ అక్షరాలు రాకముందే నేర్చుకున్నాను. కేంద్రంలో మేడమ్ చెప్పిన రూలు, చిన్నప్పుడు విన్న ఆ బోధ నాలో ఒకటైపోయాయి. ఇదే సాత్వికం అనుకున్నాను. పన్ను దిగుతుంటే ఎదురుగోడ మీద స్విచ్‌బోర్డు వైపు చూస్తూ, దవడ బిగించి, "ప్రభువా, ఇది నీకు" అని లోపల అనుకునేదాన్ని. ఉద్యోగం కోసం నేర్చుకున్నదాన్ని సాయంత్రం గేటు దగ్గర వదిలిరావచ్చు. దేవుడికి అర్పించినదాన్ని ఎలా వదిలేస్తారు? నేను ఇంటికి తెచ్చుకున్నాను.

ఆగస్టు

వానలు పట్టుకున్నాయి. పొద్దున్నే కుడి దవడ నొప్పి. పిప్పి పన్నేమోనని లవంగం పెట్టుకున్నాను. తర్వాత చెవి లోపల పోటు. తర్వాత తల. అన్నం నమలడం మానేసి పెరుగులో మెత్తగా పిసికి మింగడం అలవాటు చేసుకున్నాను.

నా కూతురు బ్లెస్సీ అప్పుడు మూడో తరగతి. ఒకరోజు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. దాని జతపిల్ల ఇంకెవరితోనో బెంచీ మార్చుకుందట. ఆ వయసులో అది చిన్న దెబ్బ కాదు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వెనక్కి తిరగలేదు. దాని ఏడుపు పెద్దదైంది. నా దవడ బిగుసుకుంది, కళ్ళు గోడ మీదికి పోయాయి. ఏడుపు ఎగిసి ఎగిసి వెక్కిళ్ళలోకి దిగి ఆగిపోయింది. అప్పుడు తిరిగి, కేంద్రంలో మేం వాడే గొంతుతో, "గుడ్. ఎంత మంచిగ ఆగినవు!" అన్నాను.

బ్లెస్సీ నావైపు చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. చపాతీ కాల్చే పనిలో పడిపోయాను. ఇప్పుడు హఫీజ్‌పేట స్టేషన్ దగ్గరపడుతుంటే, ఏ కారణమూ లేకుండా, అది గుర్తొస్తుంది.

సెప్టెంబరు

నన్ను పెంచింది మా చిన్నమ్మ. ఆమె సంగారెడ్డిలో చనిపోయింది. నాకు తల దువ్వింది, జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకుంది, నా మొదటి పాట నేర్పింది ఆమే. సమాధుల తోటలో పెట్టె దించుతుంటే అందరూ ఏడ్చారు. నేను నిలబడ్డాను. లోపల ఏదో పెద్ద సామాను జరుపుతున్నట్టు చప్పుడు. బయటికి ఏమీ రాలేదు. మా చిన్నమ్మ కోడలు పక్కామెతో అంటుంటే విన్నాను. "సూసినవా, రాయి లెక్క నిలబడ్డది. పెంచిన తల్లి పోతే ఒక్క సుక్క లేదు."

బోరబండలో ఇనుప సామాన్ల దుకాణం పైన రేకుల కింద మా ప్రార్థన మందిరం. పాటలు ఎత్తుకునే వాళ్ళలో నేనొకదాన్ని. శుక్రవారం ఉపవాస కూటంలో మోకాళ్ళ మీద కన్నీటి ప్రార్థన ఉంటుంది. వర్షం రేకుల మీద పడుతుంటే అందరి ఏడుపూ దానిలో కలిసిపోయేది. నా కళ్ళు మాత్రం ఎండిపోయి మండేవి. దవడ తెరుచుకోక పాట పైకి ఎత్తలేక, పెదాలు కదిపి ఊరుకునేదాన్ని.

ప్రేమలత అని మా సంఘంలో పెద్దావిడ, మంచి ప్రార్థనాపరురాలు, నా పక్కకొచ్చింది. "సుజాతా, ఏదన్న దాచిపెట్టుకున్నవా దేవుని దగ్గర? దాచిపెట్టుకుంటే కన్నీళ్ళు ఎండిపోతయ్. ఒప్పుకో తల్లీ, విడుదల వస్తది."

ఏం ఒప్పుకోవాలో వెతుక్కున్నాను. రైల్లో, వంటింట్లో, స్నానంలో నా మనసంతా తిరగేసి వెతికాను. చిన్న చిన్న అబద్ధాలు, అసూయలు దొరికాయి. అన్నీ ఒప్పుకున్నాను. ముఖం కదల్లేదు. అప్పుడు పుట్టింది నిజమైన భయం. దేవుడు ఎవరి గుండెనైనా కఠినం చేసి వదిలేస్తే ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ విన్నాను. నన్నలా వదిలేశాడా?

ఒక ఆదివారం మధ్యాహ్నం కళ్ళు మూసుకుని పడుకున్నాను. చేతి మీద చురుక్కుమంది. కళ్ళు తెరిస్తే బ్లెస్సీ, నా ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా. దాని వేళ్ళు నా చేతి చర్మాన్ని పట్టుకుని ఉన్నాయి, అర్ణవ్ పళ్ళ గుర్తు పక్కనే.

"మమ్మీ, నొప్పి పెట్టిందా?"

"పెట్టింది."

"మరి నీ మొఖం చెప్తలేదు."

మళ్ళీ గిల్లింది, ఇంకా గట్టిగా. నా ముఖాన్నే చూస్తోంది, కిటికీలోంచి ఇంట్లో ఎవరన్నా ఉన్నారేమో తొంగిచూసినట్టు. నేను ముఖం ముడుద్దామని చూశాను. కండరం ఎక్కడుందో దొరకలేదు.

ఆ తర్వాత చాలా రోజులు గిల్లింది. వంట చేస్తుంటే వెనకనుంచి, ప్రార్థనలో పక్కన కూర్చుని. నేను తిట్టలేదు. అదింకా నన్ను వెతుకుతోందని ఎక్కడో తెలుసు. ఒకరోజు మానేసింది. ఆ మానేయడం నా గుండెలో గిల్లినట్టు తగలాల్సింది. పీడా వదిలిందనుకున్నాను.

నా భర్త ప్రభాకర్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. అరిచే మనిషి కాదు. ఆ నెలలో ఒకసారి కంచం పక్కకు నెట్టి అన్నాడు. "ఏమైందే నీకు? తిట్టు, కొట్టు, ఏమన్న చెయ్. నీతోని కొట్లాడుదమన్న గోడతోని కొట్లాడినట్టున్నది."

మేడమ్ మాట అతనెప్పుడూ వినలేదు. అయినా అదే పదం అతని నోట్లోంచి వచ్చింది.

"ఏం లేదు బ్లెస్సీ డాడీ, పన్ను నొప్పి" అన్నాను.

దసరా సెలవులు

సెలవులిచ్చిన వారంలో, పొద్దున ప్రార్థనకు నోరు తెరవబోతే తెరుచుకోలేదు. వేలు పట్టే సందు కూడా లేదు. ప్రభాకర్ క్యాబులోనే మదీనాగూడ దగ్గర ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

నర్సమ్మ ఒక అట్ట తెచ్చింది. దాని మీద వరసగా గుండ్రటి ముఖాలు. మొదటిది నవ్వుతోంది, చివరిది కన్నీళ్ళతో. "నొప్పి ఎంత ఉందో చూపించండి మేడమ్."

అలాంటి ముఖాల అట్టలే మా గదిలో గోడకు ఉంటాయి. సంతోషం, బాధ, కోపం, భయం. అర్ణవ్ వేలు పట్టుకుని వాటి మీద పెట్టించే పని నాదే. ఆ అట్ట చూడగానే, పిల్లవాడి వేలు కోసం నా చెయ్యి పక్కకు వెళ్ళింది. పక్కన ఎవరూ లేరు. నా వేలే ఎత్తి చివరి ముఖం మీద పెట్టాను.

నర్సమ్మ అట్టనూ నన్నూ మార్చి మార్చి చూసింది. "అంత ఉంటే ఇట్లెట్ల కూర్చుంటరు మేడమ్?" అని నవ్వి, నడుమ ఉన్న ముఖం దగ్గర ఏదో రాసుకుంది. మమ్మల్ని బెంచీ మీద కూర్చోమంది.

మా తర్వాత వచ్చినవాళ్ళు లోపలికెళ్ళారు. కాలు బెణికి కేకలు పెడుతున్న కుర్రాడు వెళ్ళాడు. కడుపునొప్పితో వంగిపోయినామె వెళ్ళింది. ప్రభాకర్ కౌంటర్ దగ్గర గొడవపడ్డాడు. నాకు ఆ నర్సమ్మ మీద కోపం రాలేదు. నన్ను చూసి ఉంటే నేనూ అలాగే రాసేదాన్ని.

బురఖా ముసుగు పైకి మడిచి నా పక్కన కూర్చున్న ముసలమ్మ, జ్వరమని మనవణ్ణి తెచ్చింది. నన్ను చూసి ఏమీ అడగలేదు. క్యాంటీన్ అబ్బాయిని పిలిచి, "జర ఈ బేటీకి చాయ్ తే. అట్లనే తాగలేదు, దవడ చూడు ఎట్లుందో. స్ట్రా తే" అంది. చల్లారిన తీపి టీ పళ్ళ సందులోంచి పీల్చుకున్నాను. నేను చెప్పకుండా నా నొప్పిని నమ్మిన మనిషి ఆ రోజు ఆమె ఒక్కతే. నేను ఆమె పేరు కూడా అడగలేదు. ఆమె కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తాను, జ్వరం పిల్లవాడి నానమ్మ అని చెప్పి.

ఇంజెక్షన్ ఇచ్చి, వేడి కాపడం పెట్టి దవడ తెరిపించారు. తర్వాత పళ్ళ డాక్టరమ్మ చూసింది. నా పళ్ళు అరిగి చదునుగా అయిపోయాయట. "నిద్రలో కూడా కొరుకుతున్నారు. పళ్ళకు నేను చేయగలిగింది తక్కువ. మనసు డాక్టరుకు చూపించండి" అని చీటీ రాసిచ్చింది.

నేను వెళ్ళలేదు. మనసు డాక్టరు దగ్గరికి పోతే విశ్వాసం లేదంటారు. పాట ఎత్తుకునే మనిషి మాత్రలతో నవ్వుతోందంటారు. చీటీ బీరువాలో బట్టల కింద పెట్టాను. కేంద్రం తెరిచాక పనిలోకి వెళ్ళిపోయాను.

నవంబరు

బ్లెస్సీ బడి మెట్ల మీద పడింది. ఫోన్ వస్తే పరుగెత్తాను. కనుబొమ్మ మీద లోతుగా తెగింది. గల్లీ చివర ఉన్న చిన్న నర్సింగ్ హోంలో కుట్లు వేస్తామన్నారు. నన్ను పక్కన నిలబడి చెయ్యి పట్టుకోమన్నారు.

మందు సూది కనుబొమ్మలోకి దిగింది. ఎవరికైనా ప్రాణం పోయినంత నొప్పి పుట్టే చోటు అది. నేను బ్లెస్సీ ముఖంలోకి చూశాను.

అది నావైపు చూడటం లేదు. డాక్టరు వైపు కూడా కాదు. ఎదురుగోడ మీద స్విచ్‌బోర్డు వైపు చూస్తోంది. చిన్న దవడ బిగించి ఉంది. దవడ ఎముక దగ్గర కండ ఉబ్బి కదులుతోంది. కుట్టు తర్వాత కుట్టు పడుతుంటే దాని ముఖంలో ఒక గీత కూడా మారలేదు.

"అబ్బ, ఎంత ధైర్యమమ్మా మీ పాపకు!" అంది నర్సమ్మ. "మొన్న ఒకాయన, మీసాలాయన, గిన్ని కుట్లకే గగ్గోలు పెట్టిండు. చూడు, ఒక్క సుక్క లేదు. బంగారం!" అని జేబులోంచి చాక్లెట్ తీసి బ్లెస్సీ చేతిలో పెట్టింది.

బ్లెస్సీ థాంక్యూ చెప్పింది. నావైపు తిరిగి, "మమ్మీ, నేను ఏడ్వలే" అంది. నేను మెచ్చుకోవడం కోసం ఎదురుచూసింది.

గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. రక్తం చూసి కళ్ళు తిరిగాయనుకుని నీళ్ళు తెచ్చారు. నేను చూస్తున్నది రక్తాన్ని కాదు. నా ముఖాన్ని. అద్దంలో ఎన్నడూ అంత స్పష్టంగా చూడలేదు. కొత్తమ్మాయిలు తలుపు దగ్గర నిలబడి నేర్చుకున్నది, నా బిడ్డ ఇంట్లో, అన్నం తింటూ, నా పక్కన పడుకుని, ఎవరూ నేర్పకుండా నేర్చేసుకుంది. ఈ పిల్లకు రేపు ఎక్కడ దెబ్బ తగిలినా, ఎవరేం చేసినా, నాకు తెలియదు. దీని ముఖం నాకు చెప్పదు.

ఇంటికెళ్ళగానే బీరువా తెరిచి చీటీ తీశాను.

మనసు డాక్టరు దగ్గర వరండాలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మెడలో కంపెనీ కార్డులు, ఒళ్ళో ల్యాప్‌టాప్‌లు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. మాట్లాడే చప్పుడే లేదు. ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ పోయాను. ఏ ముఖం చూసినా స్విచ్‌బోర్డు వైపు చూస్తున్నట్టే ఉంది. భయమేసి తల దించుకుని, నా చెప్పుల్ని చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ నా కథంతా విని, ఒక ప్రశ్న అడిగింది. "వేడి పెనం తగిలితే మీ నోట్లోంచి ముందేం వస్తుంది?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"పెనం తగలడం లేదా?"

"తగులుతుందమ్మా. మొన్ననే కాలింది." చెయ్యి చూపించాను. బొబ్బ ఎక్కి ఉంది. ఎప్పుడు కాలిందో నాకు తెలియదు.

ఆమె ఆ చేతిని కాసేపు పట్టుకుంది. తర్వాత మందులు రాసింది, సెలవు రాసింది. దీనికి ఒక పేరు కూడా చెప్పింది, అది ఇక్కడ రాయను. పేరు రాస్తే ఎవరో ఒకరు తమది అది కాదులే అనుకుంటారు. "పిల్లవాడి ముందు మీరు ముఖం ఆపుకోవడం తప్పు కాదు. ఆపుకున్నదాన్ని తర్వాత ఎక్కడా వదలలేదు. ఇకనుంచి వదలాలి. అబ్బా అనాలి, అమ్మా అనాలి. పైకి. మొదట్లో నాటకంలా ఉంటుంది. ఉండనివ్వండి" అంది.

డిసెంబరు

మా పాస్టరమ్మకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆమె మందిరంలో క్రిస్మస్ కోసం రంగు కాగితాలు అతికిస్తోంది. నేను చెప్తున్నంతసేపూ అతికిస్తూనే ఉంది. అయ్యాక జిగురు చేతులు చీరకు తుడుచుకుని, "నాకూ ఒక మొఖం ఉన్నది సుజాతా. ఆదివారం మొఖం. ఇంట్ల ఏం జరిగినా మెట్లెక్కంగనే పెట్టుకుంట. నాకు కూడా దవడ గుంజుతది" అంది.

ఇద్దరం కాసేపు కాగితాలు అతికించాం.

"ప్రేమలతక్క ఏమంటదో" అన్నాను.

"ఆమెకు నేను చెప్త. నువ్వు గోళీలు వేసుకో. మందిరంల వెనక కూసో, పాడకు. ఇంట్ల మాత్రం బైబిల్ల మొరపెట్టే కీర్తనలు చదువు. మనసుల కాదు. పక్కింటోళ్ళు వచ్చి అడగాలె, ఏమైందమ్మా అని."

చదివాను. నాకు కంఠస్థం వచ్చినవే. ఇన్నేళ్ళూ వాటిని తియ్యని రాగంలో పాడుతూ వచ్చాను. వంటింట్లో తలుపేసుకుని గట్టిగా చదివితే అవి పాటలు కావని తెలిసింది. ఎవరో నిజంగా కేకలు పెట్టారు. మా లేఖనాల్లో నాకు తెలిసిన మనుషులెవరూ ముఖం ఆపుకున్నవాళ్ళు కాదు. బట్టలు చింపుకున్నారు, బూడిదలో కూర్చున్నారు. ప్రభువైతే తన స్నేహితుడి సమాధి దగ్గర అందరూ చూస్తుండగా ఏడ్చాడు. నేను సిలువ మోస్తున్నాననుకుని నేర్చుకున్న మౌనం ఆయన దగ్గర నేర్చుకున్నది కాదు. సిలువ మీద కూడా ఆయన గట్టిగా అరిచాడు. ఆ సంగతి ప్రతి గుడ్ ఫ్రైడేకీ వింటూనే ఉన్నాను. వినలేదు.

మందులకు నిద్ర వచ్చింది. దవడ కొంచెం సడలింది. ఒక మధ్యాహ్నం పెనం తగిలి "అబ్బా" అన్నాను. అది తనంతట వచ్చిందా, నేను తెప్పించానా అని తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాను. గుమ్మంలోంచి బ్లెస్సీ చూస్తోంది.

"ఉత్తదే అన్నవు" అంది.

అది పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. దాని కుట్ల మచ్చ కనుబొమ్మ మీద తెల్లగా ఉంది. చలికాలంలో దానికి దెబ్బలు తగిలాయి, బడిలో ఎవరో నెట్టారు, చేతికి గీరుకుంది. ఒక్కటీ నాతో చెప్పలేదు. బట్టలు ఉతుకుతుంటే మరకల్లో తెలిసేది.

జనవరి

తిరిగి పనిలో చేరాను. మేడమ్‌తో మాట్లాడాను. "గదిలో గోడలా ఉండమన్నానండీ. గది దాటాక ఏం చేయాలో చెప్పలేదు. అది నాకూ ఎవరూ చెప్పలేదు" అంది. ఇప్పుడు మాకొక ఏర్పాటు ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితే, పిల్లవాడు నెమ్మదించాక, ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. తగిలినవాళ్ళు పెద్ద బంతులూ చాపలూ పెట్టే సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, అనాల్సింది అని వస్తారు. యాదమ్మకు మాత్రం ఆ గది అక్కర్లేదు. "నాకు తలుపెందుకమ్మా, నా గొంతుకు ఆ తలుపు ఆగుతదా?" అంది.

అర్ణవ్ మొదటిరోజు నా మణికట్టు పట్టుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. మందుల వాసన వచ్చిందేమో. తర్వాత పళ్ళెం తెచ్చి నా ముందు తిప్పాడు. ఆ మధ్యాహ్నమే సైరన్ మోగింది, కొరికాడు. సామాన్ల గదిలో బంతికి ముఖం ఆనించి అరిచాను. అరుపు బయటికొచ్చింది. కన్నీళ్ళు రాలేదు. ఇప్పటికీ రాలేదు. చిన్నమ్మ కోసం ఇంకా నేను ఏడవాల్సి ఉంది.

కొన్ని రోజులకు ఒక సాయంత్రం బ్లెస్సీకి తల దువ్వుతున్నాను. అది అద్దం ముందు నా మోకాళ్ళ మధ్య కూర్చుంది. చెవి వెనక పెద్ద చిక్కు. దువ్వెన అందులో ఇరుక్కుంది. నేను లాగాను. అద్దంలో దాని దవడ బిగుసుకోవడం చూశాను. కళ్ళు పక్కకు, గోడ మీదికి జరిగాయి.

నా చెయ్యి ఆగింది. నొప్పా అని అడిగితే లేదంటుంది, నాకు తెలుసు. లోపల మొరపెట్టుకుంటూ, వేళ్ళతో చిక్కు సగం విడదీసి, మళ్ళీ దువ్వెన పెట్టాను. అది మళ్ళీ ఇరుక్కుంది.

"అబ్బా! మెల్లగ దువ్వరాదే మమ్మీ! జుట్టంత ఊడొస్తది!"

"స్తోత్రం" అన్నాను.

"దువ్వెన గుచ్చుకుంటే స్తోత్రమేంది?" అని బ్లెస్సీ అద్దంలోంచి నన్ను కోపంగా చూసింది. నుదురు ముడుచుకుంది, ముక్కు ఎగిరింది, కింది పెదవి ముందుకొచ్చింది. కుట్ల మచ్చ కూడా ఆ ముడతల్లో వంకరపోయింది. దాని ముఖమంతా కదిలింది.

ఆ ముఖం పైనే, అదే అద్దంలో, నా ముఖం కూడా ఉంది. అప్పుడది ఏం చేస్తోందో చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. తల వంచుకుని, మెల్లగా, చిక్కు తీయడంలో పడ్డాను.